ఉదయగిరి రోడ్డు మీద ఎవరూ ముట్టని నిమ్మకాయలు

నేను అలగలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో నమ్మరు. డిగ్రీ అయిపోయి ఆత్మకూరులో ఇంటిపట్టున ఉన్న పిల్ల ఆదివారం తెల్లారకముందే సైకిలేసుకుని పోతోందంటే అమ్మకు అది అలకే. అవ్వకైతే ఎవడో ఉన్నాడని అనుమానం. ఒక్కచోట కూర్చోలేకపోవడం కూడా ఒక కారణమేనని వాళ్లకు తట్టదు. అందుకే మొన్న ఆదివారం ఎవరికీ వివరం చెప్పకుండా ఉదయగిరి దారి పట్టాను.

అయిదింటికల్లా బయల్దేరితే ఎండ ముదిరేలోగా చేరొచ్చు. సగం దారిలో ఒక పాక హోటల్ ఉంది, ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు, కారప్పొడి అడక్కుండానే వేస్తారు. దానికి కాస్త ముందే రోడ్డు మధ్యలో ఒక నిమ్మకాయ కనిపించింది. అందరిలాగే హ్యాండిల్ తిప్పి పక్కనుంచి పోయాను. కొంత దూరంలో ఇంకోటి. మళ్లీ ఇంకోటి. ఇడ్లీలు పెట్టే అక్కను అడిగితే, పొద్దుట్నుంచీ బండ్లవాళ్లంతా అదే చెబుతున్నారని, ఎవరో గట్టి దిష్టే తీసి పారేసినట్టున్నారని అంది. "తొక్కబాక పాపా. చేత్తో అసలే ముట్టుకోబాక."

హోటల్ దాటాక మరొకటి. ఈసారి దిగి చూశాను. కోత లేదు, కుంకుమ లేదు, తొడిమ ఇంకా పచ్చగా ఉంది. ఇది దిష్టి కాయ కాదు, ఎవరిదో మూట చిరిగి జారిన కాయ. తీసి బ్యాగులో వేసుకున్నాను. అలా ఏరుకుంటూ పోతుంటే కల్వర్టు మలుపు దగ్గర బోలెడు కాయలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అక్కణ్ణుంచి ముందుకు రోడ్డు మీద ఒక్కటీ లేదు. సైకిల్ ఆపి రోడ్డు అంచునుంచి కిందికి తొంగిచూశాను.

కింద కంపచెట్ల మధ్య ఒక మోపెడ్, దాని కింద కాలు ఇరుక్కుని ఒక పెద్దాయన. కదలడం లేదు. రెండుసార్లు పిలిచాను. రెండోసారికి కళ్లు తెరిచి, "నీళ్లుండాయా పాపా?" అన్నాడు. అంత మంచి మాట నేను ఈమధ్య వినలేదు.

కిందికి దిగి నా సీసాలో నీళ్లు పట్టాను గానీ బండి లేపడం నావల్ల కాలేదు. పైకెక్కి, వస్తున్న పాల ఆటోకు అడ్డం నిలబడ్డాను. డ్రైవర్ దిగాడు గానీ ఆ కాయలు చూసి తటపటాయించాడు. బ్యాగు తెరిచి నేను ఏరినవి చూపించాకే కిందికి దిగాడు. ఇద్దరం కలిసి బండి పక్కకు లాగాం, సైకిల్‌తో సహా అందరం ఆటో ఎక్కాం.

పెద్దాయనది దారిలోనే చిన్న తోటట, చీకటితోనే కాయలు మూటగట్టి ఉదయగిరికి బయల్దేరాడట. పైన బండ్లు నెమ్మదించడం, మళ్లీ పోవడం ఆయనకు వినపడుతూనే ఉంది, అరిచే ఓపికే లేదు. వాళ్ల మీద కోపం రాలేదా అని అడిగాను.

"కోపమేంది పాపా. మేం చర్చికి పోయేటోళ్లం, దిష్టీ గిష్టీ నమ్మం. అయినా రోడ్డు మీద నిమ్మకాయంటే నేనూ పక్కనించే పోతా."

డ్రైవర్ నవ్వాపుకోలేకపోయాడు. పెద్దాయన కూడా నవ్వి, ఈ ఆదివారం ప్రార్థనంతా ఆ గుంతలోనే అయిపోయిందన్నాడు. ఉదయగిరి ఆసుపత్రిలో ఎముక విరగలేదని చెప్పారు. దుర్గం కొండ ఎక్కుదామని పోయినదాన్ని, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని దూరంనుంచే చూశాను. ఆ పూటకు అదే చాలనిపించింది.

ఆ రోడ్డున పోయినవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ జాగ్రత్తగా పక్కకు తప్పుకున్నారు, అంతే. ఈ దారిన వెళ్లేవాళ్లు నీళ్లు రెండు సీసాలు పెట్టుకోండి, పాక హోటల్ దాటాక ఉదయగిరి దాకా నాకు దుకాణం కనిపించలేదు. ఇంటికి రాగానే అవ్వ పసుపునీళ్లతో చేతులు కడుక్కోమంది, అలాంటివి ఇంకెప్పుడూ ముట్టుకోవద్దంది. నేను కడుక్కోలేదు. రోడ్డు మీద నిమ్మకాయ కనిపిస్తే ఇకమీదట కూడా దిగి, చేత్తో తీసి చూస్తాను.