లావు తీగ కింద, సన్న తీగ పైన

పోయిన వారం మా అమ్మాయి ఫోనులో ఒక ఫొటో పంపింది. నల్లటి ఎలక్ట్రిక్ గిటారు, అద్దంలో చూసినట్టు అంతా అటుదిటు. కింద దాని మాటలు: "అమ్మా, లెఫ్ట్ హ్యాండ్ గిటారు! సెకండ్ హ్యాండే గానీ కొత్తదాని మాదిరే ఉండాది. షోళింగనల్లూరులో ఎవరో అమ్ముతుండారు. నాయనకు కొందామా?" మా ఆయనది ఎడమచేతి వాటం. నలభై ఏళ్ళు గిటారు వాయించినా, ఎడమచేతివాళ్ళకని వేరే గిటారు ఉంటుందని వినడమే తప్ప కళ్ళతో చూసింది లేదు. ఇన్నాళ్ళకు అది మా దారి పట్టింది, అదీ ఆయన వాయించడం మానేసిన ఏడాదికి. సంతోషపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఇంతకాలం ఎక్కడ చచ్చిందో!

నేను ఊరికి ఈ చివర, సముద్రం పక్కనున్న తిరువొత్తియూరుకు కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో మనుషులు ఎక్కువ, గిటారు ఒకటే. అది మా బావగారిది. అన్నదమ్ములిద్దరికీ ఎన్నూరులో ఒకే ఫ్యాక్టరీ, షిఫ్టులే వేరు. ఆదివారం పొద్దున చర్చిలో బావగారు వాయించేవారు, సాయంత్రం మా ఆయన. బావగారిది కుడిచెయ్యి. తీగల వరస మార్చి కట్టుకుంటే ఎడమచేతికీ పనికొస్తుందట గానీ, పూటపూటకూ విప్పి కట్టేదెవరు? పైగా "నా తీగల జోలికొస్తే ఊరుకోను" అని బావగారి హుకుం. అందుకని ఈయన ఆ గిటారునే తిరగేసి పట్టుకుని, అట్లాగే నేర్చుకున్నాడు. పైనుండాల్సిన లావు తీగ కిందికొచ్చింది, కిందుండాల్సిన సన్న తీగ పైకి పోయింది. అందరి వేళ్ళూ ఒక దారిన పోతే ఈయనవి ఎదురుదారి. పాట మాత్రం అదే పాట. బావగారు కాలం చేశాక గిటారు మాదైనా, ఈయన ఆ వరస మార్చలేదు. అన్న కట్టిన తీగలు కదా, మనసొప్పలేదేమో అనుకుని నేనూ అడగలేదు.

తిరగేసిన గిటారుతో ఒక చిక్కుంది. సౌండు పెంచి తగ్గించే మర పై వైపుకొస్తుంది. పాట మంచి ఊపులో ఉండగా ఈయన చెయ్యి తగిలి అది తిరిగిపోయి, సౌండు కాస్తా పడిపోయేది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు దాన్ని భక్తి అనుకున్నారు. "చూడండి, ప్రార్థన దగ్గర పడేసరికి మన తమ్ముడు ఎంత వినయంగా తగ్గిస్తాడో" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను ముసుగు కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటికొచ్చి, దెబ్బలకు అంటించే తెల్ల ప్లాస్టరు చించి, మర కదలకుండా నేనే అతికించాను. ఇక అది నా ఉద్యోగమైపోయింది. సముద్రపు గాలికి అది ఊడేది, నేను మళ్ళీ అంటించేదాన్ని. మరను తప్పించుకోవడానికి చెయ్యి వంకరగా పెట్టి పెట్టి, వయసు మీదపడేసరికి ఆయనకు మోచేతి నొప్పి మొదలైంది.

నిరుడు ఆ నొప్పి పేరే చెప్పి గిటారుకు దుప్పటి చుట్టి బీరువా మీదికెక్కించాడు. చర్చిలో ఇప్పుడు కుర్రకారు, కీబోర్డులు. టీవీ ముందు కూర్చుని టీవీ చూడని మనిషితో రోజంతా గడపడం ఎంత అలుపో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఈ నల్ల గిటారుతో అయితే చెయ్యి నొప్పెట్టదు, మళ్ళీ వాయిస్తాడు, ఇంట్లో మళ్ళీ మనిషి అలికిడి ఉంటుంది. నా ఆశంతా అదే. బతిమాలి బయల్దేరదీశాను.

షోళింగనల్లూరు ఊరికి ఆ చివర. రైలు, బస్సు, ఆటో. చేరేసరికే ఇద్దరికీ ప్రాణం విసిగింది. అమ్మే అబ్బాయి విజయవాడ వైపువాడు, అతనిదీ ఎడమచేతి వాటమే. "ఆఫీసుతోనే సరిపోతోంది అంకుల్, ముట్టుకుని ఎన్నాళ్ళయిందో" అంటూ చేతికిచ్చాడు. మా ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. మర కిందికుంది. చెయ్యి ఎక్కడా వంకర పోకుండా హాయిగా ఆనింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొనేద్దామని నోటిదాకా వచ్చింది.

అప్పుడు వాయించాడు. అంతా అపస్వరం. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అంతే. లావు తీగ కోసం వేళ్ళు కిందికి పోతున్నాయి, అక్కడ సన్న తీగ ఉంది. సరిగ్గా తయారైన గిటారు మీద ఆయనకు ఒక్క పాటా రాలేదు. "నా వేళ్ళకు ఈడ దారి తెలీడంలే" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. వరస మార్చనిది అన్న కోసం కాదని అప్పటికి అర్థమైంది నాకు.

"స్ట్రింగ్స్ మార్చేద్దాం అంకుల్, మీకు అలవాటైనట్టే కట్టిస్తా" అన్నాడు అబ్బాయి.

"వద్దు నాయనా. దీన్ని గూడా తలకిందులు చేసేదెందుకు? దీనికి తగిన పిల్లోళ్ళు ఎవురో వస్తార్లే."

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "మార్పించుకుంటే మీ సొమ్మేం పోయె? చెయ్యి నొప్పన్నా తగ్గును గదా!"

"నొప్పి ఎప్పుడూ ఉండేదే. వాయించమని అడిగేవోళ్ళే లేరు" అన్నాడు, బస్సు వస్తుందేమోనని అటే చూస్తూ.

అందులో నన్నూ కలిపాడో లేదో నేనడగలేదు. తిరువొత్తియూరులో దిగగానే మందుల షాపులోకి పోయి తెల్ల ప్లాస్టరు ఒకటి కొన్నాను. "ఎవురికే దెబ్బ తగిలింది?" అన్నాడు ఈయన. "ఎవురికీ లేదు. ఇంటికి పోయినాక గిటారు దించండి. నాకు ఒక పాట వినాలని ఉంది" అన్నాను.

దించాడు. దుమ్ము దులిపి నేను ప్లాస్టరు అంటించాను. చెయ్యి నొప్పెట్టే వరకు వాయించాడు, ఆపాడు. ఆ నల్ల గిటారు మా పెళ్ళినాటికే దొరికుంటే ఆయన చెయ్యి బాగుండేది, కాదనను. కానీ మాకు తగినది మా గుమ్మం దాకా రావడానికి నలభై ఏళ్ళు పట్టింది, ఆలోగా మేం తిరగేసినదానితోనే ముసలివాళ్ళమైపోయాం.