చాందినికి తెలిసిన ఒక్క మాట

గాయపడిన గుర్రాలకు ఫిజియోథెరపీ నేర్పే ఒకరోజు శిక్షణకు వెళ్లివచ్చాను. గుర్రాల మీద ఇష్టంతో కాదు. నా భార్య సుజాత ఫిజియోథెరపిస్టు. వారమంతా మనుషులకు, ఆదివారాలు గండిపేట వైపున్న ఒక గుర్రపుస్వారీ పాఠశాలలో చాందిని అనే ఆడగుర్రానికి చికిత్స చేసేది. నన్నూ రమ్మనేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి. ఆమె పోయి ఐదు నెలలైంది. అప్పటి నుంచి చాందిని దెబ్బతిన్న ఎడమ వెనక కాలును ఎవరినీ తాకనివ్వడం లేదనీ, ఇలాగే ఉంటే పెళ్లి బరాత్‌లు తిప్పేవాళ్లకు అమ్మేస్తారనీ, అక్కడ గుర్రాలను చూసుకునే యాదగిరి ఫోన్ చేశాడు. "మేడం మీకేమన్న చెప్పిందా సార్, కాలు ఎట్ల పట్టుకోవాలెనో?" చెప్పే ఉంటుంది. నేను వినలేదు. అక్కడే ఒకరోజు శిక్షణ ఉందని అతను చెబితే పేరు రాయించాను.

చందానగర్‌లో ఉదయం ఆరింటికి ఆటో ఎక్కాను. నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. కొత్తగూడ, గచ్చిబౌలి, నార్సింగి మీదుగా దారి. ఆదివారం కాబట్టి ముప్పావు గంట పట్టింది. మిగతా రోజుల్లో రెట్టింపు వేసుకోండి. సన్నగా జల్లు. అద్దాల ఆఫీసుల్లో మనుషులు లేరు, దీపాలు వెలుగుతున్నాయి.

"రేసులకా సార్, గింత పొద్దుగాల?" అన్నాడు డ్రైవర్.

"కాదండి. గుర్రాలకు ఫిజియోథెరపీ. నేర్చుకోవడానికి."

"మా అమ్మ మోకాళ్లకు చేసెటోళ్లు దొరుకుతలేరు సార్. గుర్రాలకు దొరికిన్రా!" పెద్దగా నవ్వాడు. సుజాత ఉంటే ఆ అమ్మగారి చిరునామా అడిగేది. నేను అడగలేదు.

రుసుము రెండున్నర వేలు, భోజనంతో కలిపి. మేం ఎనిమిదిమందిమి. పొద్దున్నంతా పశువైద్యురాలు ఒక ముసలి గుర్రం మీద చూపించారు. క్యారెట్ చూపించి మెడను పక్కకు తిప్పించడం, నేల మీద పరిచిన కర్రలు దాటిస్తూ నడిపించడం, అరచేతితో కండరాలు వదులు చేయడం. వెనక కాలు దగ్గర మోకాళ్ల మీద కూర్చోకూడదు. చెయ్యి తుంటి మీద పెట్టి, ఎత్తకుండా కిందికి జార్చాలి. "లాగకండి. కాలు గుర్రమే ఇవ్వాలి," అన్నారామె.

భోజనం బగారా అన్నం, దాల్చా. సగం వదిలేశాను. రెండింటికి చాందిని దగ్గరకు వెళ్లాం. తెల్లగుర్రం, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. తుంటి మీద చెయ్యి పెట్టి, "కాస్త కాలివ్వమ్మా," అన్నాను. చెవులు వెనక్కి పెట్టి గిట్టతో నేలను కొట్టింది. వెనక్కి తగ్గాను.

"మీ గుంటూరు మాట దానికి సమజ్ కాదు సార్," అన్నాడు యాదగిరి. "మేడం 'కాస్త' అనకుంట 'జర' అనేది. నా దగ్గర్నే నేర్చుకున్నది. కానీ అదే మాట నేనంటే కాలిస్తలేదు. సూదులేసేటప్పుడు పట్టుకున్నోణ్ణి గద, నా మీద కోపం."

ఆ మాట నాకు తెలుసు. ఇంట్లో కూడా "జరా... ఆ గ్లాసు ఇటివ్వండి" అనేది. చివరి అక్షరాన్ని సాగదీసేది. నేను అచ్చం అలాగే సాగదీసి వెక్కిరించేవాణ్ణి. మన మాట కాదు, మానెయ్ అన్నాను. ఇంట్లో మానేసింది.

మళ్లీ తుంటి మీద చెయ్యి పెట్టాను. వెక్కిరించిన గొంతుతోనే, "జరా..." అన్నాను.

చాందిని చెవి ఇటు తిరిగింది. చాలాసేపు ఏమీ జరగలేదు. చెయ్యి మెల్లగా కిందికి జార్చాను. కాలి బరువు నా అరచేతిలోకి వచ్చింది. యాదగిరి తల పక్కకు తిప్పుకున్నాడు.

రెండు నిమిషాలు ఇచ్చి లాక్కుంది. ఒక్కరోజుతో కాదని, ప్రతి ఆదివారం వస్తే అమ్మకం రెండు నెలలు ఆపమని చెబుతానని పశువైద్యురాలు అన్నారు. వస్తానన్నాను. కాలు నయమవుతుందో లేదో తెలియదు. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆమె గొంతును నేను జాగ్రత్త చేసింది ఎగతాళిలోనే. ఆ రోజు పనికొచ్చింది అదే. తిరుగు ప్రయాణంలో వాన పెరిగింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. గుర్రాన్ని ముట్టుకునే ముందు, దానికి ఏ మాట అలవాటో అడగండి. ఎలా పలకాలో కూడా అడగండి.