లాండ్రీ గదిలో ఎస్తేర్ గారి బ్యాండ్

మొన్న మంగళవారం, అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మనవరాలు తడిసిన కాన్వాస్ బూట్లు డ్రయ్యర్‌లో పడేసి పైకి వెళ్లింది. కాసేపటికి చప్పుడు మొదలైంది. రెండు దెబ్బలు, మళ్లీ రెండు, ఆ తర్వాత కాస్త సాగి మూడు. వేడెక్కిన గుడ్డల వాసన వంటగది దాకా వచ్చింది. ఆ మూడు దెబ్బల దగ్గర నా కుడికాలు తనంతట తానే నేలను తట్టింది. దానికి ఆ అలవాటు చేసింది ఎస్తేర్ గారు.

1979లో మేము ఇక్కడే అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. తెనాలిలో ఎనిమిదేళ్లు నేర్చుకున్న వయొలిన్, అమెరికా వచ్చాక ఆరేళ్ల రెండు నెలలుగా పెట్టెలోనే ఉంది. మా నాన్నగారు చర్చిలో కీర్తనలకు వాయించిన వయొలిన్ అది. పెట్టె తీయాలంటే భయం. చెయ్యి పోయిందో లేదో తీస్తే తెలిసిపోతుంది, తీయకపోతే తెలియదు కదా.

ఆ అక్టోబరు రెండో ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టల బుట్టతో బేస్‌మెంట్‌లోకి దిగాను. లాండ్రీ గదిలో ఒక బ్యాండ్ వాయిస్తోంది. పైన ఇరుగుపొరుగు వాళ్లు ఈ గోల భరించలేమంటే, మెషీన్ల మోతలో తమ మోత కలిసిపోతుందని అక్కడికి దిగారట. మెడకు తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటి అకార్డియన్ మోస్తున్న అరవై నాలుగేళ్ల పొట్టి మనిషి ఎస్తేర్ గారు. మా కింద ఫ్లాట్‌లోనే ఉంటారని అప్పుడే తెలిసింది. ఆవిడ తండ్రి తూర్పు ఐరోపాలో యూదుల పెళ్లిళ్లకు వాయించేవాడు. ఆ సంగీతాన్ని క్లెజ్మర్ అంటారు. ఆవిడ దానికి బల్గేరియా పల్లెల నాట్యాలూ, రోమా అనే సంచార జనం పెళ్లి పాటలూ కలిపి, వెనక మేనల్లుడు డానీ చేత రాక్ డ్రమ్స్ వాయింపించేవారు. క్లారినెట్ ఏడుస్తుంటే డ్రమ్స్ ఆటపట్టిస్తున్నట్టు ఉండేది.

మెషీన్ మూత మీద నేను తాళం వేయడం ఆవిడ చూశారు. ఎంత లెక్కపెడుతున్నావని అడిగారు. ఏడు అన్నాను. అది పట్టుకోవడానికి డానీకి నాలుగు నెలలు పట్టిందన్నారు. మా ఊళ్లో పదేళ్ల పిల్లలకు కూడా వస్తుందని గొప్పగా చెప్పి, ఆ ఊపులో నా దగ్గర వయొలిన్ ఉందని కూడా అనేశాను. ఆ రాత్రే పెట్టె తీయక తప్పలేదు. తీగలు రెండు తెగి ఉన్నాయి. చెయ్యి మాత్రం పూర్తిగా పోలేదు. తీగలు మార్చుకుని, తర్వాతి ఆదివారం నుంచీ నేనూ వాళ్లతో వాయించడానికి దిగాను.

ఆవిడ బ్యాండ్‌లో ఒక పద్ధతి ఉండేది. కొత్త పాట ఏదైనా ముందు అందరూ చేతులు పట్టుకుని ఆడాలి, ఆ తర్వాతే వాయించాలి. నేను మాత్రం ఆడలేదు. చీర కట్టుకుని, పరాయి మగవాళ్ల చేతులు పట్టుకుని, డ్రయ్యర్ల మధ్య గంతులా? లెక్క తెలిసినదాన్ని, నాకెందుకని మూలన నిలబడేదాన్ని. ఆవిడ బలవంతం చేయలేదు. "సరే. నీ కాళ్లు వెనకాల బస్సులో వస్తాయిలే," అన్నారు.

వాళ్ల వయొలిన్ మనిషి షికాగో వెళ్లిపోయాడు. 1980 మార్చి మూడో శనివారం మధ్యాహ్నం ఒక కమ్యూనిటీ హాల్లో డాన్స్ ఉంది. ఆ రోజు బాగా వాయిస్తే ఆ చోటు నాదేనన్నారు. కుదరకపోతే ఇక పెట్టె తీయకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

అన్నాళ్లూ క్లారినెట్ వెనక నడిచినదాన్ని, ఆ రోజు స్టేజీ మీద ఏడు దెబ్బల పాట ఒంటరిగా ఎత్తుకోవాల్సి వచ్చింది. చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైనట్టే ఎత్తుకున్నాను. తకిట తకధిమి. ముందు మూడు, తర్వాత నాలుగు. వాళ్ల నాట్యంలో రెండు, రెండు, చివర మూడు. మొత్తం ఏడే, పంపకం వేరు. కింద చేతులు పట్టుకుని ఆడుతున్న నలభై మంది వరుస నాలుగు అడుగుల్లో చెదిరింది. ఒకాయన భార్య పాదం తొక్కాడు. ఆవిడ ఒంటికాలి మీద నిలబడి నా వైపు చూసింది.

పాట ఆగింది. ఎస్తేర్ గారు వంగి నెమ్మదిగా అన్నారు, "వయొలిన్ కుర్చీలో పెట్టి కిందికి దిగు."

"నా లెక్క సరిగానే ఉందండీ."

"లెక్క సరే. ఆవిడ పాదం సంగతేమిటి?"

పంపించేస్తున్నారనుకున్నాను. దిగాక చూస్తే ఆ పాదం తొక్కించుకున్న ఆవిడే నాకు చెయ్యి చాపింది. పైన క్లారినెట్ ఎత్తుకుంది. మొదటి చుట్టు నన్ను లాక్కెళ్లారు. రెండో చుట్టులో నేనే ఒకరి కాలు తొక్కాను. మూడో చుట్టులో, చివరి ఆ పొడుగు అడుగు దగ్గర వరుస మొత్తం ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. పైకెళ్లి, వాళ్ల కాళ్లనే చూస్తూ మొదటి నుంచి వాయించాను. ఈసారి ఎవరూ తడబడలేదు.

సామాను సర్దుతున్నప్పుడు కూడా ఆవిడ మెచ్చుకోలేదు. "ఆదివారం రెండింటికి. బట్టలు కూడా తెచ్చుకో, మెషీన్లు ఖాళీగా ఉంటాయి," అన్నారంతే.

ఆ తర్వాత ఆవిడ మోకాళ్లు మొరాయించి ఫ్లోరిడా వెళ్లేదాకా, ఐదేళ్ల నాలుగు నెలలు వాయించాను. ముప్పై ఏడు డాన్సులు. ఇప్పుడు మా చర్చిలో పిల్లలకు కీర్తనలు నేర్పేటప్పుడు ముందు అందరినీ వరండాలో నడిపిస్తాను. ఇదేం పాఠమని తల్లులు నవ్వుతారు. నవ్వనిస్తాను.

ఆ మంగళవారం మనవరాలు దిగొచ్చి, "సారీ అమ్మమ్మా, చాలా నాయిసీగా ఉంది కదా, ఆపేస్తాను," అంది. ఉండనివ్వమన్నాను. చిక్కుడుకాయల చెయ్యి చీరకు తుడుచుకుని, ఆడదాం రమ్మని మనవరాలి వైపు చాపాను.