ఇటలీ తోటల్లో తగిలిన దెబ్బలు

ఇటలీకి పోకముందు నాకు తెలిసిన తోటలు మా కోడూరు వైపు నిమ్మతోటలూ, బొప్పాయి తోటలే. కూలికి పోయేదాన్ని కాబట్టి తోట అంటే నాకు ముళ్లు గీరిన చేతులు, చెట్టు కింద కూర్చుని తినే సద్ది. పని లేకుండా ఊరికే చూడటానికి డబ్బిచ్చి తోటలోకి పోతారని, కువైట్‌కు ఇంటిపనికి వచ్చి ఇక్కణ్ణుంచి ఇటలీ పోయాకే తెలిసింది.

నేను పనిచేసిన ఇంట్లో నలుగురం. మామా, అంటే ఇంటావిడ. బాబా, అంటే ఆమె భర్త, నా వీసాకు పూచీ ఉన్న కఫీల్. వాళ్ల నాలుగేళ్ల పాప, నేను. మామా చెయ్యి ఊరికే ఉండేది కాదు. ఇస్త్రీ మడత సరిగా పడకపోతే హ్యాంగరుతో కొట్టేది. టీ చల్లారితే చెంప మీద కొట్టేది, పాప ఏడిస్తే నా జుట్టు పట్టి ఈడ్చేది. మొదటి ఏడాది ఏడ్చాను. రెండో ఏడాదికి ఆమె చెప్పుల చప్పుడును బట్టి ఏది పడబోతోందో ముందే చెప్పగలిగేదాన్ని.

బయట అడుగుపెడితే చెప్పు మెత్తబడే ఎండాకాలంలో వాళ్లు ఇటలీకి బయల్దేరారు. పాపను చూసుకోవడానికి నన్నూ వెంటబెట్టుకుపోయారు.

మొదట చూసిన తోట సరస్సు మధ్యలో ఒక లంక మీద ఉంది. పడవలో పోయాం. మెట్లు మెట్లుగా పైకి లేచిన తోట, అంతటా రాతి బొమ్మలు, పచ్చిక మీద తెల్ల నెమళ్లు. ఒక పెద్ద చెట్టు కింద రాలిన ఆకు తీసి నలిపితే గుప్పున కర్పూరం వాసన వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కర్పూరం వెలిగించి హారతివ్వడమే గానీ అదొక చెట్టని నాకు తెలియదు. మళ్లీ మళ్లీ వాసన చూస్తూ అక్కడే నిలబడిపోయాను. ఆ కాస్తలో పాప ఒక నెమలి వెనక పరిగెత్తి నీళ్ల అంచుదాకా పోయింది.

మామా పాపను పట్టుకుని తెచ్చి, చేతిసంచితో నా చెవి మీద కొట్టింది. సంచి గొలుసు తగిలి చెవి తమ్మె చిరిగింది. చుట్టూ ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు చూశారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత అందరూ మళ్లీ నెమళ్ల వైపు తిరిగారు. నేను చున్నీతో చెవి అదుముకుని పాప చెయ్యి పట్టుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఒక కొండవాలు తోటకు పోయాం. ఎటు చూసినా నీళ్లే. రాతి జంతువుల నోళ్లలోంచి వరసగా ధారలు పడుతున్నాయి, పక్కవాళ్ల మాట వినపడనంత హోరు. బాబా పొద్దుటి నుంచీ ఫోను వదల్లేదు. ఎవరితో మాట్లాడుతున్నావని మామా అడిగింది, ఆయన చెప్పలేదు. మళ్లీ అడిగింది. ఇద్దరూ గోడలా కత్తిరించిన చెట్ల వెనక్కి పోయారు. పాపకు దాహమేసింది. నీళ్ల సీసా మామా దగ్గర ఉందని, పాపను చంకనేసుకుని నేనూ అటే పోయాను.

బాబా ఒక చేత్తో మామా మెడ పట్టుకుని, తలను రాతి గోడకేసి కొడుతున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నీళ్ల హోరులో చప్పుడు వినపడలేదు. ఆమె నోరు తెరుచుకోవడం మాత్రం కనపడింది. మమ్మల్ని చూసి వదిలేశాడు. చొక్కా సర్దుకుని మా పక్కనుంచే నడిచిపోయాడు. మామా కనుబొమ మీద చర్మం పగిలి రక్తం కారుతోంది. చున్నీ కొస తడిపి తుడవబోతే నా చెయ్యి తోసేసింది.

"మామా, ఏమైంది?" అని పాప అడిగింది.

"తిహ్త్," అంది మామా. పడిపోయాను అని. నల్లకళ్లద్దాలు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం హోటల్‌కు రాగానే నన్ను స్నానాలగదిలోకి పిలిచింది.

"షిను షిఫ్తి? ఏం చూశావు?"

"ఏమీ చూడలేదు మామా."

"అబద్ధం!"

దువ్వెనతో మొహం మీద కొట్టింది. చూశానన్నా దెబ్బే, చూడలేదన్నా దెబ్బే. ఆ నిమిషం ఆమెకు కావలసింది జవాబు కాదు. నేను వెనక్కి తగ్గి తలుపు చట్రం పట్టుకున్నాను. ఆమె తలుపు బలంకొద్దీ వేసింది. ఎడమచేతి ఉంగరంవేలు అందులో పడింది. ఎండుపుల్ల విరిగినట్టు శబ్దం వచ్చింది. తలుపు తీసి చూసేసరికి వేలు పక్కకు తిరిగిపోయి ఉంది. మామా దాన్ని చూసి మంచం మీద కూలబడింది. కాసేపటికి ఫోను చేసి ఐసుముక్కలు తెప్పించి, నా వైపు చూడకుండానే గిన్నె నా ముందుకు జరిపింది.

మరుసటి రోజు ఇంకో తోట. బాబా రాలేదు. మనిషి కంటే ఎత్తుగా పెంచిన చెట్లగోడల మధ్య దారులు తిరిగీ తిరిగీ ఎక్కడో ఆగిపోతాయి. దారి కనుక్కుని బయటపడటమే అక్కడ ఆట. మామా బయట బెంచీ మీద కూర్చుని, పాపను తిప్పుకురమ్మంది. పాపకు ఎక్కడలేని సంతోషం. మలుపు దగ్గర దాక్కుని నవ్వుతుంది, నేను దగ్గరకు పోగానే పరిగెడుతుంది. నా వేలు మోచేతిదాకా సలుపుతోంది. చివరికి దారి మూసుకుపోయిన ఒక మూలలో దొరికింది. "ఇంకా, ఇంకా" అంటూ రెండు చేతులతో ఆ వేలినే పట్టి లాగింది.

చాచి కొట్టాను. పెదవి పంటికి తగిలి చిట్లింది.

నొప్పికి చెయ్యి లేచిందని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. కొట్టేముందు వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకున్నాను.

పాప ఏడవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోకాళ్లలో మొహం దాచుకుని కూర్చుంది. మామా ముందు నేను కూర్చునేది అట్లాగే. పక్కన కూలబడి దగ్గరకు తీసుకుని, దానికి అర్థం కాదని తెలిసీ తెలుగులో, "తప్పు చేసినాను నా తల్లీ, ఇంగ కొట్టను, ఇంగెప్పుడూ కొట్టను" అన్నాను. బయటికొచ్చే దారి కోసం చాలాసేపు తిరిగాం.

మామా పాప పెదవి చూసి లేచి నిలబడింది.

"తిహ్త్," అంది పాప.

మామా పాప చెంప వైపు చాలాసేపు చూసింది. తర్వాత రక్తం తుడిచింది.

కువైట్ చేరేసరికి వేలు వంకాయలా నల్లబడింది. మామా నన్ను క్లినిక్‌కు తీసుకుపోయి, తలుపు పడి నలిగిందని చెప్పింది. అక్కడి నర్సు గోదావరి వైపు క్రైస్తవురాలు, నా కంటే పదేళ్లు పెద్దది. కట్టు కడుతూ నా చెవి కూడా చూసి, మామా ముందే తెలుగులో మొదలుపెట్టింది.

"తలుపు దానంతటదే పడిందా, ఎవరన్నా వేశారా? ఆవిడకి తెలుగు రాదుగా, చెప్పు."

"చెప్తే యాడికి పోవల్లక్కా? మళ్లా ఆ ఇంటికేగదా."

"అది కాదు చెల్లీ. డాక్టరు గారు కాగితం మీద రాస్తేనే కదా, రేపు నీకు అక్కరకొచ్చేది. నువ్వు నోరిప్పకపోతే ఆయన మాత్రం ఏం రాస్తారు?"

"తలుపు పడిందనే రాయమనక్కా."

ఆమె నిట్టూర్చి, మందుల కవరు మీద తన నంబరు రాసిచ్చింది. భయంతో చెప్పలేదనుకుని ఉంటుంది. భయం ఉంది. కానీ కొట్టిన చేతుల సంగతి మొదలుపెడితే నాది కూడా చెప్పాల్సి వస్తుంది.

పదిరోజుల తర్వాత, శుక్రవారం భోజనాలకు ముందు, నేను వంటింట్లో అన్నం దించుతున్నాను. పాపను తీసుకుని తన అన్న ఇంటికి పోతానని మామా వంటింట్లోంచే బాబాకు చెప్పింది. బాబా వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కనున్న ఇనుప పెనం తీసి ఆమె భుజం మీద కొట్టాడు. ఆమె పడిపోయింది. పడ్డాక కడుపులో తన్నాడు. పాప బల్ల కిందకు దూరి అరుస్తోంది. ఆయన మళ్లీ పెనం ఎత్తాడు.

చపాతీ కర్ర ఎప్పుడు తీశానో నాకు గుర్తులేదు. ఆయన మణికట్టు మీద కొట్టాను. పెనం నేల మీద పడింది. నా వైపు తిరిగి పిడికిలితో నోటి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి గొంతులోకి పోయింది. మామా మీదనే పడ్డాను. ఆయన మణికట్టు పట్టుకుని మూలుగుతుంటే, మామా పాకుతూ పోయి పాపను లాక్కుంది.

"యల్లా! లే, యల్లా!" అని నా జబ్బ పట్టి లేపింది.

చెప్పులు లేకుండానే ముగ్గురం కారెక్కాం. ఆమె ఒంటిచేత్తో పోలీస్‌స్టేషన్‌కు నడిపింది. అక్కడ జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. పోలీసాయన నా కట్టు చూపించి, "ఇదీ ఆయన పనేనా?" అని అడిగాడు. అవునంటే సరిపోయేది. మామా తల వంచుకుంది.

"లా," అంది. "కాదు. ఇది నేను."

వరండాలో కూర్చున్నప్పుడు నా వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాను. "మామా, తోటలో పాప పడలేదు. నేను కొట్టినాను."

"తెలుసు. ఆరోజు దాని చెంప మీద నీ వేళ్లు అచ్చుపడి ఉన్నాయి."

"తెలిసి నన్నెందుకు ఏమీ అనలేదు?"

ఆమె నిద్రపోతున్న పాపను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మార్చుకుంది.

మామా తన అన్న ఇంట్లో ఉండిపోయింది. బాబా పేరున ఉన్న నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మరో ఇంటికి మారడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆ నర్సక్కే నన్ను తన గదిలో ఉంచుకుంది. ఆమే నాకు పని వెతికింది. పెద్ద కుటుంబం, మంచివాళ్లు, ముగ్గురు పిల్లలు అని ఒక ఇల్లు చెప్పింది. వద్దన్నాను.

"ఏంటే, మంచివాళ్లని చెబుతుంటే?"

"పిల్లోల్లున్న ఇల్లు వద్దక్కా. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

ఆమె నా మొహంలోకి చూసి, ఇంకో ఇల్లు వెతికింది. ఇప్పుడు కువైట్‌లోనే, రిగ్గై పేటలో ఒక ముసలావిడ దగ్గర వంట చేస్తున్నాను.