వేలికి అందని పోగు

చిన్నప్పుడే నా ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగింది. బడిలో టీచరమ్మ డాక్టరుకు చూపించమంటే నాయనమ్మ ఒప్పుకోలేదు.

"మెల్లకన్ను పిల్ల ఇంట్ల ఉంటే కలిసొస్తది. దాన్ని సరిచేపిస్తరా, పిచ్చోళ్లారా?"

గద్వాలలో మేం నేసే చీరలకు ఆ ఏడు మంచి గిరాకీ వచ్చింది. ఇక ఆమె మాటకు ఎదురే లేకపోయింది. మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిన ప్రతిసారీ అడ్డపోగు మోసే నాడెను మొదట నాతోనే వేయించేవారు.

డిగ్రీ అయ్యాక నేత నేర్పమని నేనే అడిగాను. నలుగురిలో నోరు పెగలని నాకు మగ్గం తప్ప మరో పని ఊహకు రాలేదు. నాన్న మొదట అతుకు పని ఇచ్చాడు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. పోగు నాకు కనిపిస్తుంది, ఎంత దూరంలో ఉందో తెలియదు. నా వేళ్లు దానికి ముందో వెనకో మూసుకునేవి.

"ఏంది బిడ్డా, దోమలు పడుతున్నవా?" అన్నాడు మొదటి రోజు. ఇద్దరం నవ్వాం. నాలుగో రోజు నేను తప్పుగా కలిపినవన్నీ తెంపి, తనే అతికాడు.

మర్నాడే వనపర్తికి వెళ్లి కళ్లు చూపించుకున్నాను. కళ్ల డాక్టరమ్మ నల్లద్దాలు పెట్టి, అట్ట మీద ఈగ బొమ్మ చూపించింది.

"రెక్కలు పైకి లేచినయి గదా, పట్టుకో."

లోతు తెలిసే కళ్లకైతే అవి గాల్లో లేచి కనిపిస్తాయట; నా వేళ్లు అట్టకే తగిలాయి.

రెండు కళ్లూ ఒకే వస్తువును కాస్త తేడాగా చూస్తాయట. ఆ రెండు బొమ్మలూ మెదడు వెనక భాగంలో కలుస్తాయి. అక్కడి కణాలు ఆ తేడాను బట్టి లోతును లెక్క కడతాయి. ఒక కన్ను పక్కకు తిరిగితే బొమ్మలు కలవవు. అన్నీ రెండుగా కనిపించకుండా మెదడు ఒకదాన్ని వదిలేస్తుంది. చిన్నతనంలో జత కుదరని కణాలకు తర్వాత ఆ పని రావడం కష్టం.

"ఆపరేషన్ చేస్తే?" అని మెల్లగా అడిగాను.

"కన్ను సక్కగైతది తల్లీ. లోతు తెలుస్తదని మాత్రం చెప్పలేను. చిన్నగున్నప్పుడే తీస్కరావాల్సుండె."

తిరుగు బస్సులో ఆ మాటలు డైరీలో రాసుకున్నాను. పెబ్బేరు దాటాక రాయలేకపోయాను.

గడపలోనే నాయనమ్మ ఎదురొచ్చింది. "కన్ను ముట్టలేదు గదా?"

"ముట్టలేదు."

"బతికిచ్చినవ్," అని నా తల నిమిరింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

డాక్టరమ్మ అన్నది నాన్నకు చెప్పాను. ఆయన నా పీటను మగ్గం దగ్గర నుంచి తీసి రాట్నం ముందు వేశాడు. నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేటప్పుడు పోగు ఎప్పుడూ వేళ్ల మధ్యే ఉంటుంది. దాని కోసం వెతకనక్కర్లేదు. వెళ్లి కూర్చున్నాను.