‘ఇప్పుడే చేరాను’ గారి సందేహాలు

మా బావకి ఒకే ఒక్క వ్యసనం. సందేహాలు. వచ్చిన సందేహాన్ని ఇంట్లోవాళ్లని అడిగి ఊరుకునే రకం కాదు. ఇంటర్నెట్టులో పాత కార్లవాళ్లంతా చేరే ఒక ఫోరం ఉంది. నలుగురూ చూస్తుండగా అందులోకి వెళ్లి, చిన్నపిల్లలు కూడా అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలు అడిగి, అందరిచేతా చీవాట్లు తిని, హాయిగా నిద్రపోతాడు.

‘ఇంజిన్ ఆయిలు మూత తీసి పొయ్యాలా, మూత మీద పోస్తే అదే కిందికి దిగుతుందా?’ అని అడిగిన రోజున నేను తాగుతున్న కాఫీ కొంత ముక్కులోంచి వచ్చింది.

“బావా, ఇది అడిగింది మీరేనా?”

“పేరు కనబడటంలా?”

“నిన్ననేగా మీ చేతులతో మీరే ఆయిలు మార్చారు! గరాటు పట్టుకుని పక్కన నిలబడ్డది నేనేగా!”

“మార్చాను. అయితే మాత్రం? మార్చినవాడికి సందేహం రాకూడదని ఎక్కడన్నా ఉందా?”

లేదు. ఉంటే బాగుండేది.

పేరంటే గుర్తొచ్చింది. ఫోరంలో చేరిన రోజున ‘మీ పేరు’ అన్న గడి దగ్గర, ఎవరో ఎదురుగా నిలబడి పలకరించినట్టు భావించి, మర్యాదగా ‘ఇప్పుడే చేరాను’ అని రాశాడు. అదే స్థిరపడిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు పాతబడిపోయారు, పాతవాళ్లు పెద్దలైపోయారు. మా బావ మాత్రం ఏళ్ల తరబడి ‘ఇప్పుడే చేరాను’గానే మిగిలిపోయాడు. అందరూ ఆయన్ని ‘ఇప్పుడే చేరాను గారూ’ అని పిలుస్తారు. కోపం వస్తే ‘గారూ’ తీసేస్తారు.

అసలు బావది కళ్లద్దాల దుకాణం. జీవితమంతా మనుషుల ముక్కుల మీద గాజుబిళ్లలు మారుస్తూ “ఇప్పుడు బాగుందా? ఇందాక బాగుందా?” అని అడుగుతూ గడిపాడు. మోకాళ్లు మొరాయించాక దుకాణం ఎవరికో అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. ఇక అక్క నాకు ఫోన్ల మీద ఫోన్లు.

“ఒరేయ్, మీ బావ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ల కళ్లద్దాల నంబర్లు అంచనా వేస్తున్నార్రా. అన్నం కూడా అక్కడికే తెమ్మంటున్నారు. మాటే లేదు. నాకు భయంగా ఉంది.”

ఆ భయంలోంచి పుట్టిందే ఈ కారు. బావకి ఏదో ఒక పని కల్పిద్దామని నేనూ అక్కా కలిసి కొనిపించాం. అప్పటికే అది ముగ్గురు యజమానులని చూసింది. ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ దొరకలేదు. ఎడమవైపు తలుపు లోపల్నుంచి మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి, ఎక్కాలంటే లోపల ముందే ఒకరుండాలి. దాన్ని బాగుచెయ్యడం నేర్చుకోవడానికే బావ ఫోరంలో చేరాడు. వారం తిరక్కుండా కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ అయింది. ఇంట్లో గ్రీజు మరకలు మొదలయ్యాయి. అక్క వాటిని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ తుడిచింది.

బావ నేర్చుకునే పద్ధతే వేరు. కారు కింద ఆయన పడుకునేవాడు, ఫోనులో ఫోరంవాళ్ల జవాబులు నేను పైనుంచి చదివేవాణ్ని.

“పెద్ద బోల్టు విప్పమన్నారు బావా.”

“విప్పాను.”

“తర్వాతాయన ‘విప్పితే చచ్చారే’ అంటున్నాడు.”

“అయ్యో. బిగించేశాను.”

“మూడో ఆయన ‘పై ఆయన మాట వినకండి, విప్పండి’ అన్నాడు.”

“విప్పాను.”

“నాలుగో ఆయన మూడో ఆయన్ని తిట్టాడు.”

“బోల్టు సంగతి ఏమన్నాడు?”

“బోల్టు సంగతి ఏమీ అనలేదు. వంశం సంగతి అన్నాడు.”

“ముందు అన్నీ చదివేసి, చివరి మాట ఏదో అది చేద్దాం బావా,” అని మొత్తుకున్నాను. కారు కిందనుంచి ఆయన తల అడ్డంగా ఊగడం కనబడింది. “తప్పోయ్. పెద్దలు వరసగా మాట్లాడుతుంటే మధ్యలోంచి గెంతి చివరికి పోతామా?” మధ్యాహ్నానికి ఆ బోల్టు మా ఇద్దరికన్నా అలిసిపోయింది.

నేర్చుకోవడం అయ్యాక మార్పులు, చేర్పులు మొదలుపెట్టాడు. దుకాణంలో మిగిలిన భూతద్దం ఒకటి తెచ్చి స్పీడు చూపించే మీటరు మీద అతికించాడు. ఇరవైలో పోతుంటే ఆ ఇరవై అరచేయంత కనబడి, పక్కన కూర్చున్నవాళ్లకి గుండె దడ. తర్వాత హారన్ మీద పడ్డాడు. ఉన్న హారన్‌కి ముసలివాళ్లు ఉలిక్కిపడుతున్నారని, ఫోరంవాళ్లని అడిగి అడిగి, దాన్ని విప్పి, చివరికి ఎవరో గొంతు సవరించుకున్నట్టు మోగేలా చేశాడు. అప్పట్నుంచి ఎవరూ ఉలిక్కిపడలేదు. పక్కకి జరగనూ లేదు. ఒకసారి తోపుడుబండి వెనకాల వీధి పొడుగునా గొంతు సవరించుకుంటూనే వెళ్లాం. అక్క అద్దం దించి “జరుగు నాయనా, వెనకాల కారుంది!” అని కేకేస్తేగానీ దారి దొరకలేదు.

ఇంత పనితనం వచ్చిన మనిషి ఫోరంలో అడిగే ప్రశ్నలు మాత్రం రోజురోజుకీ దిగజారాయి. నాకు అర్థం కానిది అదే.

‘డీజిలు బండిలో పొరపాటున పెట్రోలు పోసేశాను. ఏం చెయ్యాలి?’

“బావా, మన బండి పెట్రోలుదేగా?”

“ముందు జాగ్రత్త.”

‘లీటరుకి ఎంత దూరం వస్తోందో లెక్క కట్టడం ఎలా?’

“బావా, ఇది భాగహారం!”

“భాగహారంలో సందేహాలుండవా?”

ఆ ప్రశ్నకి ఎవరో ‘చిన్నప్పుడు మీకు లెక్కలు చెప్పిన మాస్టారు ఎవరండీ, సన్మానం చెయ్యాలి’ అని రాశారు. మా ఆఫీసులో పక్క సీటాయన ఆ ఫోరం సభ్యుడే. రోజూ బావ ప్రశ్నలు పైకి చదివి పడీ పడీ నవ్వేవాడు. ఆయన మా బావేనని చెప్పలేక నేనూ నవ్వేవాణ్ని.

చివరికి ఫోరం పెద్దకి ఓపిక నశించింది. ఆయన లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజినీరు. ఫోరంలో ఆయన పేరు ‘పెద్దపానా’. ఆయన జవాబులు కూడా పానాతో కొట్టినట్టే ఉండేవి. ‘ఇది పనివాళ్లు కూడే చోటు. ఇలాంటి ప్రశ్నలతో మనం నవ్వులపాలవుతున్నాం. సభ్యులందరం కలుసుకునే ఆదివారంనాడు ‘ఇప్పుడే చేరాను’ని ఉంచాలో తీసెయ్యాలో తేలుద్దాం’ అని ప్రకటించాడు.

ఆ మాట చదివి బావ ఫోను పక్కన పెట్టేశాడు. వెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అక్క వంటింట్లోకి నన్ను లాక్కుపోయింది.

“తీసేస్తారంటావా?”

“ఏమోనే. ఆ ప్రశ్నలు కాస్త తగ్గించుకోమని చెప్పరాదూ?”

“చెప్పాను. ‘అది నా చేతుల్లో లేదు’ అంటున్నారు. ఒరేయ్, అది పోతే ఆయన మళ్లీ ఆ కుర్చీలోంచి లేవర్రా.”

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ఒక పెద్ద గోదాము వెనక ఖాళీ స్థలంలో పాత కార్లన్నీ బానెట్లు ఎత్తుకుని నిలబడి ఉన్నాయి. పళ్ల డాక్టరు గది బయట వరసలా ఉంది. అందరూ కార్లని వెనక్కి పోనిచ్చి ముచ్చటగా పెట్టుకున్నారు. ఒక్క పెద్దపానా కారు మాత్రం అన్నిటికన్నా ముందే వచ్చి, గోడకి ముక్కు ఆనించి, ఇద్దరి చోటు ఆక్రమించుకుని ఉంది. పెద్దవాళ్ల దర్జా అనుకున్నాను.

పెద్దపానా ఒక టైరు మీద ఎక్కి నిలబడ్డాడు. ఫోను తీసి, సభ్యులెవరో ఏరి పంపిన బావ ప్రశ్నల్ని ఒక్కొక్కటే గట్టిగా చదవసాగాడు. ఆయిలు మూత ప్రశ్నకి జనం గొల్లుమన్నారు. భాగహారానికి ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. భూమి చీలితే బావుణ్ననుకుని నేను మా కారు చాటుకి జరిగాను. బావ మాత్రం చేతులు కట్టుకుని, తనని కాదన్నట్టు చిరునవ్వుతో వింటున్నాడు.

“డీజిలు బండిలో పెట్రోలు పోశాట్ట! ఆయనది పెట్రోలు బండి! ఉన్నవి చాలక లేని బండికి కూడా సందేహాలు తెస్తున్నాడు!”

“అది నా ప్రశ్నండీ.”

అందరూ వెనక్కి తిరిగారు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఆసుపత్రి బట్టల్లోనే ఉందామె. నర్సు.

“పోసింది నేను. చేరిన కొత్తలో ఇక్కడ ఒక ప్రశ్న అడిగితే మీరంతా ఎంత ఆడిపోసుకున్నారో నాకింకా గుర్తుంది. మళ్లీ నోరెత్తితే ఒట్టు. ఆ రోజు బండి రోడ్డు మధ్యలో ఆగిపోయి ఏడుస్తుంటే, ఈయనకి విడిగా రాశాను. ‘నువ్వు ఊరుకో అమ్మా, నేనడుగుతాను, తిట్లు నాకలవాటే’ అన్నారు.”

“మరి నాకు చెప్పలేదేం?” అన్నాను చాటులోంచి వచ్చి, బావ చెవిలో.

“చెప్పుకోలేకేగా వాళ్లు నన్నడిగింది? నీకు చెబితే ఇంకేముంది?”

ఇంతలో కళ్లు తుడుచుకున్నాయన నెమ్మదిగా చెయ్యెత్తాడు. “ఆ మైలేజీ లెక్క... నాదండీ.”

“మీరేం చేస్తుంటారు?” అని అడిగారెవరో.

“అది... బళ్లో... లెక్కల మాస్టార్నండీ.”

ఈసారి ఎవరూ గట్టిగా నవ్వలేదు. లెక్కల మాస్టారే నవ్వాడు. దాంతో మిగతావాళ్లకి ధైర్యం వచ్చి నవ్వారు. ఆయిలు మూత ప్రశ్న నాదంటే నాదని ఇద్దరు తేలారు.

అక్క నా భుజం గిల్లింది. “దుకాణంలోనూ ఇంతేరా. చదువు రానివాళ్లు అద్దాలకొచ్చి, ఆ మాట చెప్పలేక ‘కనబడటం లేదు’ అనేవాళ్లు. ఈయన ‘ఆ అక్షరాలు నాకే సరిగా కనబడవండీ’ అని, అట్ట తిరగేసి బొమ్మలు చూపించేవారు.”

టైరు మీద పెద్దపానా గొంతు కాస్త తగ్గింది. అయినా మొదలుపెట్టాడు కాబట్టి మిగిలినది చదవక తప్పలేదు. “ఇంకొక్కటే ఉంది. ‘కారుని వెనక్కి నడిపి రెండు కార్ల మధ్య పెట్టడం ఎలా? ఎవరూ చూడని చోట...’”

అక్కడ ఆగిపోయాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. జనం ఆయన ముఖంలోకి చూస్తున్నారు.

“అది నాదే!” అన్నాడు బావ గబుక్కున. “అది మాత్రం నిజంగా నాదే. వెనక్కి పోనివ్వడం నాకు బొత్తిగా రాదు.”

పొద్దున మా కళ్లెదుటే, అంగుళం తేడా లేకుండా, ఒక్క విసురుతో కారుని వెనక్కి పెట్టిన మనిషి!

పెద్దపానా ఫోను జేబులో పెట్టేశాడు. “సరే... అనుకున్నాం కాబట్టి... ఈయన్ని తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు ఎటో చూస్తూ.

ఒక్క చెయ్యి లేచింది. మా బావది.

అక్క నెత్తి కొట్టుకుంది. “మీరెందుకండీ ఎత్తారు?” అన్నాడు పెద్దపానా తెల్లబోయి.

“చిన్న సందేహం. తీసేస్తే, ఇంకో పేరుతో మళ్లీ చేరొచ్చా?”

ఆ నవ్వుకి గోదాము పైకప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. తీసెయ్యడం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. పెద్దపానా మాత్రం కారులో కూర్చుని, మేం కూడా కదిలితే బాగుణ్నన్నట్టు అద్దంలోంచి చూస్తున్నాడు. ఆకలికి నా పేగులు అరుస్తున్నాయి. బావ ఆ కారు దగ్గరికి నడిచి, కిటికీలోకి వంగి ఏదో చెప్పి, దాని వెనక్కొచ్చి నిలబడ్డాడు.

“రానీ... రానీ... కాస్త ఎడమకి... భేష్, రానీ... అయ్యో, అది కుడి, పర్లేదు... రానీ... ఆగు... ఆగమన్నానా!”

ఖాళీ స్థలంలో మిగిలింది మా కారొక్కటే. పెద్దపానా సరిగ్గా దాన్నే వెతుక్కుంటూ వచ్చి గుద్దాడు. మా ముందు బంపరు ఒక మూల ఊడి కింద పడింది. ఆయన కిందికి దిగి, జేబురుమాలుతో మా బంపరు తుడవబోయాడు. బావ ఊడిన ముక్క ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చూశారా, మొదటిసారికే ఎంత దూరం వచ్చారో? రండి, ఇంకొకసారి పోనిద్దాం. ఒరేయ్ బావమరిదీ, మన బండి కాస్త దూరంగా తీసుకుపో.”

మర్నాడు ఫోరంలో కొత్త ప్రశ్న కనబడింది.

‘ఇప్పుడే చేరాను: ఆగి ఉన్న నా కారుని పొరపాటున నేనే గుద్దుకున్నాను. బంపరు మార్చడం ఎలా?’

ఆదివారం రాని మా ఆఫీసు పక్క సీటాయన నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాడు. ‘ఆగి ఉన్న కారుని, అందులోనూ సొంత కారుని, ఎలా గుద్దారండీ మహానుభావా?’ అని ఆయనలాంటివాళ్లవి వరసగా వెక్కిరింపులు. నేను ఫోను తీసి కిందికి జరుపుకుంటూ పోయాను. అన్నిటికన్నా కింద పెద్దపానా జవాబుంది.

‘ఎవరూ నవ్వొద్దు. చాలా మంచి ప్రశ్న. సాయంత్రం పానాలు తీసుకుని నేనే మీ ఇంటికొస్తున్నాను. కారు బయట వీధిలో ఆపుకుంటాను.’