నా మాట రాసుకున్న పోలీసక్క

పోలీసక్క చనిపోయిందన్న కబురు మా ఊరికి పాల కేంద్రంలో తెలిసింది. క్యాను కింద పెట్టి నేను కూడా వరుసలో నిలబడి ఉన్నాను. పాలు కొలిచే ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకొని, "ఎవురు? మన స్టేషన్ హెడ్డమ్మనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. బ్రహ్మోత్సవాల బందోబస్తుకని కొండకు పోయిన అక్క, గరుడసేవ అయిన మరునాడు గుండెల్లో నొప్పి అని ఒక పక్కన కూర్చుందట. కింద తిరుపతికి తెచ్చేలోపే ప్రాణం పోయిందట. ఆ పొద్దు మా వరుసలో ఎవరూ వెన్న శాతం గురించి పేచీ పెట్టుకోలేదు. పోసిన పాలకు చీటీ తీసుకోకుండానే నేను ఇంటికి వచ్చేశాను.

నేను పెద్దగా చదువుకోలేదు. నలుగురిలో మాట్లాడటమూ చేతకాదు. కానీ ఆమె గురించి నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మని రోజుల్లో, నమ్మి కాగితం మీద రాసుకున్న మనిషి ఆమె.

మా మండలంలోని పోలీసు స్టేషన్‌లో ఆమె హెడ్ కానిస్టేబుల్. మగవాళ్ళు హెడ్డమ్మ అనేవాళ్ళు. మేము ఆడవాళ్ళం పోలీసక్క అనేవాళ్ళం.

నాకు పెళ్ళయిన మరుసటి ఏడు, మామిడి కాయలు కోతకు వచ్చిన కాలంలో జరిగింది ఇది. పొద్దున పాలు పోసి, ఖాళీ క్యానుతో తోటల మధ్య దారిలో ఇంటికి వస్తున్నాను. నా పక్కన ఒక బండి ఆగింది. వెనక కూర్చున్నవాడు దిగి, "అమ్మా, గుజ్జు ఫ్యాక్టరీకి ఎట్ల పోవాల?" అని అడిగాడు. నేల చూస్తూనే చెయ్యి చాపి దారి చూపించాను. ఆ చెయ్యి దించేలోపే నా మెడ ముందుకు వంగిపోయింది. తెలివి తెచ్చుకొని చూసేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు. మెడ మీద మంట. కొంగులో తెగి రాలిన నల్లపూసలు కొన్ని. తాళిబొట్లతో సహా గొలుసు వాళ్ళతోనే వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి చెబితే అత్త ముందు గుండెలు బాదుకుంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత అంది, "మీ అన్న మొన్ననే గదా ఆటో కొనింది?"

మా అన్న ఆ వారమే పాత ఆటో ఒకటి కొన్నమాట నిజం. దానికీ నా గొలుసుకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ మాట గట్టిగా చెప్పడం నాకు రాలేదు. ఏడుపు వచ్చింది. ఏడిస్తే అత్తకు అనుమానం ఇంకా బలపడింది. మా ఆయన రేణిగుంటలో గోడౌన్‌లో పనిచేస్తారు, వారానికొకసారి వస్తారు. ఫోన్లో అంతా విని, "నిజమేనా?" అని ఒక్క మాట అడిగారు. అత్త తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

"పదమ్మే స్టేషన్‌కి. పోలీసోళ్ళు అడిగితే నిజం అదే బయటికి వస్తాది" అని అత్తే నన్ను బస్సు ఎక్కించింది. సొమ్ము దొరుకుతుందని కాదు. నేను అబద్ధం చెబుతున్నానని తేల్చుకోవడానికి.

స్టేషన్‌లో రాత పని చేసే కానిస్టేబుల్ మా మాట సగం విని, "గొలుసు పోగొట్టుకున్నట్టు ఒక కాగితం రాసిచ్చి పోండమ్మా, దొరికితే కబురు చేస్తాం" అన్నాడు.

"అట్లే రాసుకోండి సార్. పోగొట్టుకుందనే రాయండి. లాగినోడు ఎవుడో దేవుడికే తెలియాల" అంది అత్త.

పక్క బల్ల దగ్గర ఒకామె ఖాకీ చొక్కా గుండీ తెగితే కుట్టుకుంటూ ఉంది. సూది చొక్కాకే గుచ్చి, లేచి నా దగ్గరికి వచ్చి, కొంగు పక్కకు జరిపి మెడ చూసింది. అంతవరకూ ఇంట్లో ఎవరూ నా మెడ చూడలేదు.

"ఇంత గీసుకుపోయి ఉంటే పోగొట్టుకున్యాదని ఎట్ల రాస్తావబ్బా?" అంది.

"ముల్లు గీరినా అట్లే ఉంటాది" అంది అత్త.

"సరే పెద్దమ్మా, ఉండు. వాడి మొగం సూసినావా పాపా?"

నేను లేదన్నట్టు తల ఊపాను.

"ఇనండి! పట్టపగలు ఎదురుగా నిలబడినోడి మొగం సూడలేదంట. కత గాకపోతే ఏంది?"

పోలీసక్క అత్త వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది. "నీ కోడలు ఎప్పుడైనా నీ మొగం సూసి మాట్లాడినాదా పెద్దమ్మా?"

"యాడ! మా ఇంటికి వచ్చిన కాడి నుంచి తలెత్తింది ల్యా" అంది అత్త, కొంచెం గొప్పగానే.

"మరి నీ మొగమే సూడని పిల్ల దొంగనాకొడుకు మొగం ఏం సూస్తాది?"

రాత పని చేసే ఆయన నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. అక్క నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తను నేల మీద గొంతుక్కూర్చుంది, నా కళ్ళకు ఎదురుపడేలా. "మొగం వద్దు. నేల మీద ఏం సూసినావో అది చెప్పు" అంది.

చూసింది చూసినట్టు చెప్పాను. రబ్బరు చెప్పులు. కుడికాలి చెప్పు వారు తెగితే రాగి తీగతో కట్టి ఉంది. చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది. పిక్క లోపలి వైపు బండి సైలెన్సరు తగిలి కాలిన మచ్చ. నేను అంతసేపు మాట్లాడటం అత్త వినడం అదే మొదటిసారి.

"లాక్కున్నారని రాస్తే కేసు అవుతాదక్కా. ఈ నెల ఇప్పటికే రెండు ఉండాయి. జిల్లా మీటింగ్‌లో కేసులు ఎక్కువని పెద్దాయన మన స్టేషన్ పేరే చదువుతాడు" అన్నాడు రాత పని చేసే ఆయన.

అప్పుడు అక్క అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "పోగొట్టుకున్యాదని రాస్తే ఎతుక్కోవాల్సింది ఈ పాప. లాక్కున్నారని రాస్తే ఎతకాల్సింది మనం. చదివితే చదవనీ అబ్బా. దొంగతనాలు తక్కువైనాయా, మనం రాసేది తక్కువైనాదా, అది ఆయనకి మాత్రం తెలియదా?"

కేసు రాశారు. అక్క కాపీ నా చేతికిచ్చి, చదువుకోమంది. ఊరు, తోట దారి, పాల క్యాను, చిటికెనవేలు అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. మా ఇంట్లో చెల్లని నా మాట అక్కడ స్టాంపు వేసుకుని ఉంది.

అయినా ఇంట్లో ఏమీ మారలేదు. మెడలో పసుపు కొమ్ము కట్టిన తాడుతో తిరిగాను. అత్త నాతో పనికి మించి మాట్లాడేది కాదు. వాళ్ళ చుట్టాలు వస్తే ఆ తాడు వైపు చూసి, లోపలికి పోయి గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. అన్న ఒకసారి ఆటోలో వస్తే వీధి చివరే ఆపమన్నాను.

అక్క మాత్రం ఆ దారిలో డ్యూటీకి వస్తే స్కూటీ మా ఇంటి ముందు ఆపకుండా పోయేది కాదు. "పెద్దమ్మా, మజ్జిగ ఉండాదా?" అని అత్తనే అడిగేది, నన్ను కాదు. తాగుతూ లోకం సంగతులు చెప్పేది. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు కోళ్ళ దొంగలు, మేకల దొంగలు. తర్వాత బోరు మోటార్ల కేబులు కోసుకుపోవడం మొదలైంది. ఇప్పుడు మెడల మీదికి వచ్చినారు. ఇంక ఫోన్లో నుంచి చెయ్యి పెట్టేటోళ్ళు వస్తా ఉండారు, వాళ్ళకి కాళ్ళూ ఉండవు, చెప్పులూ ఉండవు. వాళ్ళని ఎట్ల పట్టాల్నో నాకే తెలీదు" అనేది.

ఒకసారి పొదుపు సంఘం మీటింగ్‌కు వచ్చి, ఎవడైనా మెడ మీద చెయ్యి వేస్తే ఎలా అరవాలో మా ఒక్కొక్కరిచేత అరిపించింది. అత్త అరిచిన అరుపుకు వీధిలో కుక్కలన్నీ లేచాయి. "పెద్దమ్మా, నీ జోలికి ఎవడూ రాడు, భయం లేదు" అంది అక్క. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. "నువ్వు అరవాకు. క్యాను రోడ్డుమీద ఏసి కొట్టు. అదే అరుస్తాది" అంది.

చలికాలంలో ఒక రోజు అక్క నుంచి కబురు వచ్చింది. ఎక్కడో బండ్ల తనిఖీలో కొందరు దొరికారట, అత్తను వెంటబెట్టుకొని రమ్మంది. పోయేసరికి నన్ను ఒక గది బయట నిలబెట్టింది. ఆ గదికి సగం తలుపులే ఉన్నాయి, కింద మోకాళ్ళ దాకా ఖాళీ. లోపల వరుసగా మనుషులు నిలబడి ఉన్నారు. "మొగాలు సూసే పని లేదు నీకు. కింద సూడు" అంది. వాళ్ళలో మఫ్టీలో ఉన్న కానిస్టేబుళ్ళను కూడా కలిపిందని తర్వాత తెలిసింది.

చూశాను. గోడవైపు నిలబడిన కాలు. ఈసారి చెప్పులు లేవు. చిటికెనవేలు మాత్రం అలాగే పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. పిక్క మీద మచ్చ. వేలెత్తి చూపించాను.

"ఇది కోర్టులో చెల్లదులే. ఎవుర్ని అడగాల్నో మాకు తెలిస్తే చాలు" అంది అక్క.

వాడిని బయటికి తెచ్చి అత్త ఎదురుగానే అడిగింది. వాడు ఎక్కువ సతాయించలేదు. గొలుసు అప్పుడే కరిగించి అమ్మేశామన్నాడు. తర్వాత వాడే అన్నాడు, "ఆ పొద్దు దావలో ఇంకా ఇద్దరు ఆడోళ్ళు పోతా ఉండిరి మేడమ్. ఈయమ్మి అయితే నేల సూసి మాట్లాడతా ఉన్నింది. అందుకే ఈయమ్మినే పట్టినాం."

గొలుసు తిరిగి రాలేదు. దాని గురించి నాకు ఇప్పుడు దిగులు కూడా లేదు. ఆ రోజు బస్సులో అత్త కిటికీ పక్క సీటు నాకు వదిలి తను ఇవతల కూర్చుంది. ఊళ్ళో దిగేటప్పుడు, "మీ అన్నని ఆదివారం అన్నానికి రమ్మను. ఆటో ఇంటి ముందరే పెట్టమను" అంది. మా ఇళ్ళలో తప్పయిందని నోటితో చెప్పుకోవడం ఉండదు. నాకు అది చాలు.

అక్కను నేను చివరిసారి చూసింది బ్రహ్మోత్సవాల డ్యూటీకి పోయే ముందు. మజ్జిగ తాగుతూ ఛాతీ మీద చేత్తో రుద్దుకుంటూ ఉంది. గ్యాస్ అంది. ఆమెతో ఎప్పుడూ అడిగినదానికి జవాబు చెప్పడమే నాకు అలవాటు. ఆ రోజు మాత్రం, "ఆస్పత్రికి పోయి సూపించుకో అక్కా" అన్నాను.

"పెద్దమ్మా, ఇన్యావా? నీ కోడలు నోరు తెరిచి నాకు సలహా చెప్తా ఉండాది. అయితే నాకు నిజంగానే ఏదో రోగం ఉండాది" అని పడీపడీ నవ్వింది. "ఈ డ్యూటీ కానీ, దిగి వస్తానే పోతాను" అంది. ఊళ్ళో ఎవరు ఏ నొప్పి చెప్పినా నమ్మే మనిషి తన నొప్పిని గ్యాస్ అనుకుంది.

అక్కను కొండ నుంచి దింపి వాళ్ళ ఇంటికి తెచ్చారని తెలిసి నేనూ అత్తా పోయాము. అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఖాకీ బట్టల వాళ్ళు, వాళ్ళ వెనక మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. తల దగ్గర అక్క తల్లి కూర్చుని, కూతురి చెవి పక్కన వెంట్రుకలు సర్దుతూ ఉంది. స్నానం చేయించి చీర కట్టారు. పసుపు కుంకుమ తట్ట తెచ్చి పెట్టారు కానీ ఎవరూ ముట్టుకోవడం లేదు.

కారణం అక్క భర్త. ఆయన చాలా ఏళ్ళ కిందట వేలూరు పక్కకు పనికి పోయి, తిరిగి రాలేదు. కొందరు చనిపోయాడన్నారు. అక్క మాత్రం ఎవరు అడిగినా, "బతికే ఉండాడు. నా దగ్గర ల్యా, అంతే" అని, బొట్టు తీయకుండానే డ్యూటీ చేసింది. ఇప్పుడు వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దామె, "మొగుడు ఉండాడో లేడో తెలియకుండా ముత్తైదువని ఎట్ల పంపిస్తామమ్మా? సూసినోళ్ళు ఎవురన్నా ఉండారా?" అంటోంది. తల్లి అందరి మొహాలూ చూస్తోంది.

నా పక్కన ఉన్న అత్త లేచింది. జనాన్ని తోసుకొని అరుగు ఎక్కింది.

"ఆయమ్మి బతికే ఉండాడని చెప్పిందా, ల్యా?" అంది ఆ పెద్దామెతో.

"చెప్పేది. అయితే..."

"చెప్పింది గదా. ఇంకేం సాక్ష్యం గావాల?"

అత్త తట్ట ముందు కూర్చుని పసుపు కలిపింది. పాదాలకు రాసింది, చెంపలకు రాసింది. తర్వాత కుంకుమ తీసుకుంది. ఇన్నేళ్ళు టోపీ పెట్టుకున్నందుకు అక్క నుదురు పైభాగం లేతగా, పసిపిల్ల నుదురులా ఉంది. కింది భాగం ఎండకు కమిలి నల్లబడి ఉంది. ఆ రెండు రంగులు కలిసే చోట అత్త రూపాయంత బొట్టు పెట్టి, వేలు తీయకుండా చాలాసేపు అలాగే ఉంచింది.